తీగలు బిగించని బేస్ గిటార్

2022 ఏప్రిల్‌లో నన్ను సౌదీ అరేబియాలోని జిజాన్ పనుల నుంచి అల్ ఖోబర్‌లోని కంపెనీ ప్రధాన కార్యాలయానికి మార్చారు. హోదా మారలేదు. సీనియర్ క్యూసీ ఇన్‌స్పెక్టర్‌గా వెళ్లి సీనియర్ క్యూసీ ఇన్‌స్పెక్టర్‌గానే కుర్చీలో కూర్చున్నాను. అప్పటికి ఆ దేశంలో నా సర్వీసు ఇరవై ఆరేళ్లు. పదవీ విరమణకు ఎనిమిది నెలలు మిగిలి ఉన్నాయి.

క్యూసీ ఇన్‌స్పెక్టర్ పని ఏమిటని చాలామంది అడుగుతుంటారు. వచ్చిన వస్తువు కాగితం మీద రాసినట్టు ఉందో లేదో చూసి, ఉంటే ఉందని, లేకపోతే లేదని సంతకం చేయడమే ఆ పని. బాగున్నదానికి పచ్చ ట్యాగు, సందేహం ఉన్నదానికి పసుపు, పనికిరానిదానికి ఎరుపు కడతాం. ప్రతి ఇన్‌స్పెక్టరుకు నంబరు ఉన్న గుండ్రటి రబ్బరు స్టాంపు ఇస్తారు. నాది పదిహేడు. ఆ ముద్ర పడ్డాక వస్తువులో లోపం బయటపడితే కంపెనీ ముందుగా వెతికేది ఆ నంబరునే.

నా అనుభవమంతా ప్రెజర్ వెసెల్స్, పైపుల మీద. వెసెల్ అంటే ఒత్తిడిలో ఉండే పెద్ద ఉక్కు తొట్టి. దానికి హైడ్రో టెస్టు చేస్తాం. నీళ్లు నింపి, రేపు అది మోయవలసినదానికన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టి చూస్తాం. ఆ సమయంలో చుట్టూ తాడు కట్టి, అందరం తాడు అవతల నిలబడతాం. ఖాళీగా ఉన్నప్పుడు ఏ వెసెల్ అయినా బాగానే కనిపిస్తుంది. ఈ మాట నా కింద పనిచేసిన ప్రతి ఒక్కరికీ చెప్పాను.

మా కుటుంబం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. మాకు ఒకప్పుడు ఎస్టేటు ఉండేది. నేను పుట్టేనాటికి అది లేదు, పద్ధతులు మిగిలాయి. ఇంటికి వచ్చినవారు ఇచ్చిన కాగితాన్ని వారి ముందు చదివి చూడకూడదు, చదవకుండానే సంతకం చేయాలి. ఒకరింట్లో ఏదైనా పుచ్చుకున్నాక వారి మాటను పరీక్షించకూడదు. మొదటి పద్ధతి పాటించి మా తాతగారు మామిడితోటలు పోగొట్టుకున్నారు. సానుభూతి కోసం ఇది చెప్పడం లేదు. రెండో పద్ధతి ఈ కథలోకి వస్తుంది కనుక చెబుతున్నాను.

ఆ ఏడాది మా కంపెనీకి కొత్త రకం కాంట్రాక్టు వచ్చింది. సముద్రపు ఒడ్డున ఒక సంగీత శిక్షణ హాలు కట్టి, వాద్యాలతో సహా అప్పగించాలి. పదేళ్ల కిందట అలాంటి పని ఎవరి ఊహలోనూ లేదు. వాద్యాలన్నీ విదేశాల నుంచి వచ్చాయి. ఒక్క బేస్ గిటార్ మాత్రం రాలేదు. వాడినదైనా ఫరవాలేదు, తనిఖీ రిపోర్టు జతచేసి ఇవ్వండి అని క్లయింటు ఒప్పుకున్నాడు. అప్పగింతకు పన్నెండు రోజుల గడువు ఉంది. అప్పగింత రోజున వారి సంగీత ఉపాధ్యాయుడు ఒక్కొక్క వాద్యాన్నీ వాయించి చూస్తాడు. ఇతర ఇన్‌స్పెక్టర్లు సైట్ల మీద ఉండటంతో ఆ పని నాకు వచ్చింది. నాకు బేస్ గిటార్ గురించి తెలియదని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

నాతో పంపిన సౌండ్ టెక్నీషియన్ పేరు యాదగిరి. జగిత్యాల దగ్గర పల్లె, నలభై దాటిన మనిషి, అక్కడ పదమూడేళ్లుగా ఉన్నాడు. ఎలక్ట్రీషియన్ వీసా మీద వచ్చి, క్యాంపులో ఫిలిప్పీన్స్ వాళ్ల గదిలో శుక్రవారాలు కూర్చుని బేస్ వాయించడం నేర్చుకున్నాడు. మొదటి రోజే వ్యానులో నాకు పాఠం చెప్పాడు.

“పేరు సూడొద్దు సార్, మెడ సూడాలె. రంగుకు, పేరుకు పైసలెక్కువ. మోగేది మెడ.”

అతను చెప్పినది సాంకేతికంగా నాకు వెంటనే అర్థమైంది. బేస్ గిటార్‌కు నాలుగు లావు తీగలు. శ్రుతికి బిగిస్తే అవన్నీ కలిసి మెడను డెబ్భై ఎనభై కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు ఎదురు నిలవడానికి మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని కొసన ఉన్న నట్టు తిప్పి మెడను సరిచేస్తారు. తీగలు బిగించాక, లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టుకుంటే నడుమ విజిటింగ్ కార్డు పట్టేంత సందు ఉండాలి. ఎక్కువ ఉంటే మెడ వంగినట్టు. ఆ తరువాత ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీదా మోగించాలి. ఫ్రెట్లంటే మన వీణ మెట్ల వంటివి. ఎక్కడా బురబురమనకూడదు, ఎక్కడా స్వరం చప్పున చచ్చిపోకూడదు. యాంప్లిఫయర్‌కు తగిలించి నాబ్‌లు తిప్పితే గరగర రాకూడదు. చివరకు నట్టులో ఇంకా తిరిగే చోటు మిగిలి ఉందో లేదో చూడాలి.

కంపెనీ నియమం ప్రకారం మూడు చోట్ల చూడాలి. మొదటిది దమ్మామ్‌లో. చూడటానికి మెరిసిపోతోంది. ఫ్రెట్ల మీద తీగల గాడి పడింది, పన్నెండో ఫ్రెట్ దాటితే కందిరీగలు తిరిగినట్టు మోత. యాదగిరి దాన్ని మర్యాదగా పెట్టెలో పెట్టి, “మేకప్ మస్తున్నది సార్,” అని మాత్రం అన్నాడు.

రెండోది ఖోబర్‌లోనే విదేశీ ఉద్యోగులుండే ఒక కాంపౌండ్‌లో, స్వదేశం వెళ్లిపోతున్న ఫిలిప్పీన్స్ దేశస్థుడి దగ్గర. రంగు వెలిసింది, ఒక మూల చెక్క లేచింది, నాబ్‌లు తిప్పితే గరగరమంది. మెడ మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. ట్రస్ రాడ్ రెండు వైపులా హాయిగా తిరిగింది. అడిగిన ధర దమ్మామ్ దానిలో సగం.

“గిదే తీసుకుందాం సార్. నాబ్‌లు అరగంట పని,” అన్నాడు యాదగిరి.

నాకు ఆ చెక్క లేచిన మూల నచ్చలేదు. అంత పెద్ద హాలులో, నా నంబరు ఉన్న రిపోర్టుతో, ఇంత బీద వస్తువా అనిపించింది. మూడోది చూశాక చెబుతానన్నాను.

మూడోది పదవీ విరమణ చేసిన ఒక సౌదీ ఇంజనీరుగారిది. ఆయనను అందరూ అబూ తుర్కీ, అంటే తుర్కీ నాన్న, అంటారు. పెద్దకొడుకు తుర్కీ ఉద్యోగరీత్యా జెద్దా వెళ్తూ బేస్‌ను ఇంట్లో వదిలేశాడు. వాళ్ల విల్లా గేటు దగ్గర యాదగిరి, “నేను లోపలికి రావాల్నా సార్?” అని అడిగాడు. పెద్దమనుషుల ఇంట్లోకి టెక్నీషియన్‌ను వెంటబెట్టుకుని వెళ్లడం నాకు సబబుగా తోచలేదు. ఉండమన్నాను. అతను జేబులోంచి బట్టలకు పెట్టే క్లిప్పంత పరికరం తీసి ఇచ్చాడు.

“ట్యూనర్ సార్. గిటార్ తలకాయకు కరుసుకుంటది. పచ్చలైటు పడేదాంక తీగ బిగించున్రి.”

దాన్ని కోటు జేబులో వేసుకున్నాను.

మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, ముందు కాఫీ వచ్చింది. ఫింజాన్ అనే పిడికిలంత కప్పులో యాలకుల కాఫీ, పక్కన ఖర్జూరాలు. మూడు కప్పులు తాగి, చాలన్న గుర్తుగా కప్పు ఆడించాను. అబూ తుర్కీ నా ఊరు అడిగారు, తండ్రి పేరు అడిగారు, తాతగారి పేరు కూడా అడిగారు. ఆ దేశంలో ఇరవై ఆరేళ్లలో నా తాతగారి పేరు అడిగిన మొదటి మనిషి ఆయన.

తరువాత పెట్టె తెరిచారు. ముదురు తేనెరంగు చెక్క, గీత లేదు. తీగలు నాలుగూ వదులుగా వేలాడుతున్నాయి. వాడనప్పుడు తీగలు వదులు చేయడం చెక్కకు మంచిదని కొడుకు చెప్పాడట. తనకు వాయించడం రాదు కనుక నన్నే చూసుకోమన్నారు.

ఉక్కు స్కేలు మెడ మీద నిలబెట్టి చూశాను. తిన్నగా ఉంది. మరలు, తీగలు బిగించే బిరడాలు, బరువు, సీరియల్ నంబరు అన్నీ చూశాను. చెయ్యి ఒకసారి కోటు జేబులోకి వెళ్లింది, ట్యూనర్ వేలికి తగిలింది. మూడు కప్పులు తాగి, తాతగారి పేరు చెప్పుకుని, ఇప్పుడు ఆయన వస్తువును ఆయన ఎదుటే బిగించి పరీక్షించడం నా వల్ల కాలేదు. చెయ్యి వెనక్కి వచ్చింది. పెట్టె మూత మీదే రిపోర్టు పెట్టి పదిహేడో నంబరు ముద్ర వేసి, గిటార్‌కు పచ్చ ట్యాగు కట్టాను.

బయటకు వచ్చాక యాదగిరి అడిగాడు. “శ్రుతి నిలిచిందా సార్?”

“చూశాను,” అన్నాను.

అతను దాన్ని దుప్పటిలో చుట్టి, వెనక సీటు మీద పడుకోబెట్టి, దారి పొడుగునా ఏసీ తగ్గించలేదు.

మర్నాడు ఉదయం స్టోరులో యాదగిరి తీగలు బిగించడం మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడ్డాను. మూడో తీగ శ్రుతికి వచ్చేసరికి చెక్కలో సన్నగా కిర్రుమంది. నాకు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాను. అది హైడ్రో టెస్టు అలవాటు. నాలుగో తీగ కూడా బిగిశాక అతను గిటార్‌ను కంటి దగ్గర తుపాకీలా పెట్టుకుని మెడ వెంట చూశాడు. నా చేతికిచ్చాడు. మెడ నడుమ లోతుపడి విల్లులా ఉంది. తీగకూ ఫ్రెట్లకూ మధ్య పెన్సిలు దూరుతుంది.

ట్రస్ రాడ్ నట్టుకు కీ పెట్టి తిప్పబోయాడు. కదల్లేదు.

“ఎప్పుడో సివరిదాక తిప్పేసిన్రు సార్. ఇగ తిరగది. తీగలు వదులుంటెనే గిది సక్కగ కనబడతది.” కీ పక్కన పెట్టి, “మీరు బిగించి సూడలేదా సార్?” అన్నాడు.

పచ్చ ట్యాగు విప్పి పసుపు కట్టాను. ట్యాగు దారం ముడి వేయడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. అతను చూడనట్టు పక్కకు తిరిగాడు.

అప్పగింతకు ఐదు రోజులే మిగిలాయి. మధ్యాహ్నం పర్చేజ్ ఆఫీసర్ బషీర్ నా గదికి వచ్చాడు. కడప మనిషి, పనిలో చురుకైనవాడు, నా మీద గౌరవం ఉన్నవాడు. ఆ గౌరవంతోనే మాట్లాడాడు.

“సార్, మీరు పాస్ చేసినపుడు బాగుండె. ఇపుడు బాగలేదు. నడుమ ఎవరి చేతిలో ఉండె? వ్యానులో ఎండకు వంగిందని రాసేయండి. దీంట్లో ఏముంది సార్?”

యాదగిరి పేరు రాయమంటున్నావా అని అడిగాను.

“నేను పేరు చెప్పలేదు సార్. ఫారంలో రవాణా చేసినవాడి పేరు ఎట్లాగూ ఉంటుంది. ఈ వయసులో మీ స్టాంపు మీద మచ్చ ఎందుకు సార్?”

ఆ ఫారం పేరు నాన్ కన్ఫార్మెన్స్ రిపోర్టు. లోపం బయటపడితే ఇన్‌స్పెక్టరు అది రాసి తీరాలి. అందులో ‘కారణం’ అనే గడి ఒకటి ఉంటుంది. అందులో రవాణా అని రాస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఆ నెలలో కొంతమంది ఇకామాల గడువు తీరుతోంది. ఇకామా అంటే అక్కడ ఉండటానికి అనుమతి కార్డు. కంపెనీ మనుషులను తగ్గిస్తోంది కనుక, ఎవరిది పొడిగించాలో ప్రాజెక్ట్ మేనేజర్ జాబితా తయారుచేస్తున్నాడు. యాదగిరి పేరు అందులో ఉంది. వస్తువు పాడుచేశాడని కాగితం ఉన్నవాడిని ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి పంపిస్తారు. ఇన్‌స్పెక్షన్ తప్పు అని రాస్తే నా స్టాంపు పోతుంది. స్టాంపు లేని ఇన్‌స్పెక్టరును ఎనిమిది నెలలు కూర్చోబెట్టి భరిస్తారన్న నమ్మకం నాకు లేదు.

ఆ గడి ఒకటిన్నర రోజు ఖాళీగా ఉంది. ఉక్కు తొట్టి పగిలిపోతే ఏమవుతుందో తెలిసిన మనిషిని, భయం నాకు కొత్త కాదు. కానీ ఆ భయం తాడు అవతల నిలబడితే పోయేది. ఈ భయం నాతోపాటు భోజనాల గదికి వచ్చింది, లిఫ్టులోకి వచ్చింది. ఫోను మోగితే మేనేజర్ గది నంబరేమో అని ముందు తెర చూసేవాణ్ణి. ఒకసారి పెన్ను తీసుకుని ‘ర’ అక్షరం రాసి కొట్టేశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

రెండో రోజు మధ్యాహ్నం యాదగిరి తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

“బషీర్ భాయ్ నా పాస్‌పోర్ట్ కాపీ తీసుకున్నడు సార్. లీవ్ ఎన్ని రోజులున్నయో రాసుకున్నడు.”

మామూలు పనే అయివుంటుంది అన్నాను.

“గట్లనే అయితదిలే సార్. అయినా, పంపిస్తరా అని అడుగుదామని వచ్చిన. ముందుగల్ల ఎరుకైతే గదిల సామాను ఎవరికన్న అమ్ముకుంట.”

అతను నా మీద నేరం మోపడానికి రాలేదు. వెళ్లేటప్పుడు, “ట్యూనర్ మీ కోటులనే ఉన్నది సార్,” అన్నాడు.

అప్పుడు నాకు మూడో దారి తట్టింది. అబూ తుర్కీ తెలిసే దాచారని తేలితే యాదగిరీ బతుకుతాడు, నేనూ బతుకుతాను. ఆ పెద్దమనిషి మోసగాడు కావాలని కోరుకుంటూ ఆయన ఇంటికి వెళ్లాను. నా జీవితంలో అంత నీచమైన కోరికతో ఇంకెవరి గడపా తొక్కలేదు.

మళ్లీ మజ్లిస్, మళ్లీ కాఫీ. ఈసారి ఆ కోరికతో తాగబుద్ధి కాక, ఫింజాన్ తాగకుండా ముందున్న బల్ల మీద పెట్టాను. ఆయన చెబుతున్న మాట ఆపేశారు. కప్పు వంక చూసి, నీ అవసరం ఏమిటో చెప్పు అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు: మా దగ్గర అతిథి కప్పు తాగకుండా కింద పెడితే అతనికి ఒక పని ఉందని అర్థం. ఆ పని తేల్చేదాకా ఇద్దరం కాఫీ ముట్టం. అందులో తప్పు లేదు.

మెడ సంగతి చెప్పాను. ఆయనకు ట్రస్ రాడ్ అంటే ఏమిటో తెలియదు. కొడుక్కి ఫోను చేశారు. నట్టు తిరగడం లేదని తుర్కీకి తెలుసు, తండ్రికి చెప్పాలని తోచలేదు, కొనేవాడు బిగించి చూసుకుంటాడులే అనుకున్నాడు. ఫోను పెట్టేసి అబూ తుర్కీ వస్తువు వెనక్కి తీసుకుంటానన్నారు. తరువాత మెల్లగా ఇంకో మాట అన్నారు.

“ఆ రోజు నువ్వు జేబులో చెయ్యి పెట్టి తీశావు. ఏదో పరీక్ష ఉంటుందనుకున్నాను. అడిగితే నీ పని నీకు తెలియదన్నట్టు ఉంటుందని ఊరుకున్నాను.”

నేను వెతికిన మోసగాడు ఆ ఇంట్లో లేడు. ఇక గడిలో రాయడానికి ఒక్క పేరే మిగిలింది.

ఆఫీసుకు వచ్చి కూర్చోకుండానే రాశాను. కారణం: తీగలు శ్రుతికి బిగించి పరీక్షించకుండానే ఇన్‌స్పెక్టర్ నం. 17 ఆమోదించారు. రవాణాలో లోపం లేదు. సంతకం చేసి మేనేజర్ గదికి తీసుకెళ్లాను. ఆయన జోర్డాన్ దేశస్థుడు, వయసులో నాకన్నా పాతికేళ్లు చిన్న. రెండుసార్లు చదివి, కూర్చోమన్నాడు. నిలబడే ఉన్నాను. ఈ మాట ఇలాగే ఉంచుతారా అని అడిగాడు. ఉంచుతానన్నాను. చెయ్యి చాపాడు. స్టాంపు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను.

చెక్క లేచిన బేస్ ఇంకా అమ్ముడుపోలేదు. యాదగిరి దాన్ని తెచ్చి, నాబ్‌లు మార్చి, తీగలు బిగించి రెండు రోజులు స్టాండు మీద ఉంచి, పూటపూటకూ మెడ చూశాడు. జిజాన్ నుంచి పిలిపించిన వేరే ఇన్‌స్పెక్టరు దానికి పచ్చ ట్యాగు కట్టాడు. అప్పగింత రోజున ఉపాధ్యాయుడు దాన్ని అరగంట వాయించాడు. ఆ మూల చెక్క గురించి ఎవరూ అడగలేదు.

యాదగిరి ఇకామా ఒక ఏడాదికి పొడిగించారు. నేను ట్యూనర్ తిరిగి ఇచ్చినప్పుడు అతను బ్యాటరీ చూసుకుని, “ఒక్కసారి గూడ వాడలేదు గద సార్,” అన్నాడు. నవ్వాడో లేదో చెప్పలేను.

నన్ను పంపించలేదు. మిగిలిన నెలలు డాక్యుమెంట్ గదిలో పాత రిపోర్టులు వరుస పెట్టే పని ఇచ్చారు. డిసెంబరులో అక్కడి నుంచే రిటైరయ్యాను. పదిహేడో నంబరు ఎవరికిచ్చారో అడగలేదు.

వాడిన బేస్ గిటార్ కొనేవారికి ఈ అనుభవం నుంచి చెప్పగలిగింది కొంచెమే. వెళ్లడానికి గంట ముందే ఫోను చేసి తీగలు శ్రుతికి బిగించి ఉంచమనండి. బిగించకపోతే మీరే బిగించండి, వద్దంటే లేచి వచ్చేయండి. రంగుకూ చెక్క లేచిన మూలకూ మార్కులు వేయకండి. వాయించడం తెలిసిన మనిషిని గేటు బయట నిలబెట్టకండి. ఎవరైనా కాఫీ ఇస్తే, పరీక్ష అయ్యేదాకా కప్పు కింద పెట్టండి. ఆ మర్యాద ఆ దేశంలో ఎప్పటినుంచో ఉంది. ఇరవై ఆరేళ్లు అక్కడ ఉండి నేను దాన్ని కనుక్కోలేదు, మా ఇంటి మర్యాద ఒక్కటే మర్యాద అనుకున్నాను.